అటకమీది దిండ్లు, ఆగని తుమ్ములు: తిరుపతి ఇళ్ళలో పాత దిండ్లు మార్చడం ఎలా

తిరుపతిలో కాపురం ఉన్నవాళ్ళ ఇంట్లో మనుషులకన్నా దిండ్లే ఎక్కువ. దర్శనానికి వచ్చే చుట్టాలు ఏ రాత్రి ఎంతమంది దిగుతారో చెప్పలేం కాబట్టి అటకమీద ఒక మూట ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. అందులో పెళ్ళినాటి బూరుగు దూది దిండ్లు, ఒకటి కొంటే ఒకటి ఉచితమని తెచ్చిన ఫైబర్ దిండ్లు, ఎవరు వదిలి వెళ్ళారో తెలియని దిండు ఒకటి. బ్రహ్మోత్సవాలకు ఆ మూట కిందికి దిగుతుంది. ఆ వెనకే ఈశాన్య రుతుపవనాల వానలు వస్తాయి. అక్కడి నుంచి సంక్రాంతి దాకా ఇంట్లో ఎవరో ఒకరు పొద్దున లేస్తూనే వరస తుమ్ములు తుమ్ముతుంటారు. ‘వాతావరణం పడటం లేదు’ అనుకుని సరిపెట్టుకుంటాం. వాతావరణానికి పాత్ర లేదనను. అయితే ఆ వాతావరణాన్ని ఒంట పట్టించుకుని రాత్రంతా మన ముక్కు కిందే ఉండేది దిండు.

కాబట్టి దిండ్ల పని ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో, ఎండ ఇంకా గట్టిగా ఉండగానే ముగించుకోవాలి. నవంబరులో గుర్తొస్తే ఉతికినది ఆరదు, ఆరనిది బూజు పడుతుంది. ఇల్లు దులపడానికి భోగి దాకా ఆగే అలవాటు మనది. దిండ్ల విషయంలో ఆ ముహూర్తం బాగా ఆలస్యం.

ముందు నేరం దిండుదేనా అని చూడండి

కొత్త దిండ్లకు డబ్బు తీసేముందు రెండు వారాల పాటు ఒక చిన్న పని చేయండి. తుమ్ములు ఎప్పుడు, ఎక్కడ మొదలయ్యాయో ఫోనులో ఒక ముక్క రాసి పెట్టుకోండి. పక్కమీద ఉండగానే, లేదా లేచిన కాసేపటికే వరసగా తుమ్ములు, నీళ్ళలా కారే ముక్కు, కళ్ళ దురద, అంగిట్లో దురద ఉండి, పది గంటలకల్లా సర్దుకుంటే అనుమానం పక్కబట్టలమీదకే వెళ్ళాలి. దుప్పటి దులిపినప్పుడు, పరుపు తిరగేసినప్పుడు ముదిరితే ఆ అనుమానం మరింత బలపడుతుంది. అలా కాక బయటికి వెళ్ళినప్పుడు, ఖాళీ స్థలాల పక్కగా నడిచినప్పుడు మొదలైతే పుప్పొడి సంగతి చూడాలి. మన దగ్గర వానల తరవాత ఏ ఖాళీ జాగా చూసినా వయ్యారిభామ తెల్లగా పూసి ఉంటుంది. దాని పుప్పొడి ముక్కుకూ పడదు, ఆకు తగిలితే ఒంటికీ పడదు. చిత్తూరు వైపు జనవరి, ఫిబ్రవరి నెలల్లో నింద అంతా మామిడి పూతమీద పడుతుంది. మామిడి పుప్పొడిని ఎక్కువగా మోసేది ఈగలూ పురుగులే, గాలి కాదు. తోటలో పనిచేసేవారి సంగతి వేరు గానీ, ఊళ్ళో మూడో అంతస్తులో పడుకుని తుమ్మేవాళ్ళు మామిడిని కాస్త వదిలిపెట్టవచ్చు.

జ్వరం, ఒళ్ళు నొప్పులు ఉండి వారం పది రోజుల్లో తగ్గిపోతే అది మామూలు జలుబు. అలర్జీ అలా పోదు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తుంది, జ్వరం తేదు. చిన్నపిల్లలైతే నోటితో చెప్పలేరు, చేత్తో చెబుతారు: అరచేత్తో ముక్కు కొనను పైకి తోసుకుంటూ ఉంటారు. ఆ అలవాటు ముదిరితే ముక్కుమీద అడ్డంగా సన్నటి గీత పడుతుంది. కళ్ళ కింద నలుపు కనబడుతుంది. నిద్ర చాలక బళ్ళో తూగుతున్నారని టీచరు చెప్పే పిల్లల్లో కొందరికి అసలు బాధ రాత్రంతా మూసుకుపోయే ముక్కు.

ఖర్చు లేని పరీక్ష ఇంకొకటి ఉంది. నాలుగైదు రాత్రులు దిండు తీసేసి, వేడినీళ్ళలో ఉతికి ఎండబెట్టిన మందపాటి తువ్వాలును మడిచి తలకింద పెట్టుకోండి. ముక్కు తేలికపడితే దిండు దొరికిపోయినట్టే. తేలికపడకపోతే దిండు నిర్దోషి అని కాదు, కింద పరుపు ఇంకా మిగిలే ఉంది.

లోపల ఉన్నది ఎవరు

డాక్టర్లు డస్ట్ మైట్ అనే దుమ్ము పురుగు. మంచం సందుల్లో దాక్కుని రక్తం పీల్చే నల్లి కాదిది. కుట్టదు, కంటికి ఆనదు. పొడవు మిల్లీమీటరులో మూడో వంతుకు మించదు. ఎనిమిది కాళ్ళు. మన ఒంటినుంచి రాలే చర్మపు పొట్టే దాని తిండి. నీళ్ళు తాగదు, గాలిలో తేమనే ఒంట్లోకి లాక్కుంటుంది. దాని ప్రాణం, దాని బలహీనత రెండూ అక్కడే ఉన్నాయి. గాలిలో తేమ 70, 80 శాతం ఉంటే పిల్లా పాపలతో వర్ధిల్లుతుంది. 50 శాతం కంటే తగ్గి కొన్నాళ్ళు అలాగే ఉంటే ఎండి చస్తుంది. రోహిణి కార్తె ఎండల్లో తిరుపతిలో ఇది బతకడం కష్టం. అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలల్లో దానికి పండగ.

మనకు పడనిది పురుగు కూడా కాదు, ముఖ్యంగా దాని విసర్జన. అందులోని ప్రొటీన్లు ముక్కు లోపలి పొరను దెబ్బతీసి అలర్జీని రేపుతాయి. ఇంటి దుమ్ములో జనానికి పడనిది ఈ పురుగువల్లే పుడుతోందని నెదర్లాండ్స్ పరిశోధకులు వూర్‌హోర్స్ట్, స్పీక్స్‌మా బృందం 1964లో చెప్పింది. అంతకుముందు దాకా నిందంతా ‘దుమ్ము’మీదే ఉండేది.

రెండో ముద్దాయి బూజు. 2005లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఏడాదిన్నర నుంచి ఇరవై ఏళ్ళ దాకా వాడిన దిండ్లు విప్పి చూస్తే రకరకాల బూజులు దొరికాయి. వాటిలో ప్రధానమైనది ఆస్పర్‌జిల్లస్ ఫ్యూమిగేటస్. ఊపిరితిత్తుల జబ్బు ముందే ఉన్నవారికి అది మంచిది కాదు. ఆ బూజు సింథటిక్ దిండ్లలో మరీ ఎక్కువగా కనబడింది. కాబట్టి ‘మాది దూది కాదు, కొత్త రకం ఫైబర్’ అని నిశ్చింతగా ఉండకండి.

అన్నట్టు, రెండేళ్ళు వాడిన దిండు బరువులో మూడో వంతు పురుగులే అని వాట్సాప్‌లో తిరిగే మాటకు ఆధారం లేదు. దిండు బరువెక్కేది చెమట, నూనె, దుమ్ములతో. మార్చడానికి ఆ కారణం చాలు, భయపెట్టనక్కర్లేదు.

మేడమీద పంచాయతీ

ఎండ బాగా ఉన్న పొద్దున ఇంట్లో ఉన్న దిండ్లన్నీ, అటకమీది మూటతో సహా, మేడమీదికి చేర్చండి. తుమ్ములున్న మనిషి ఈ పనికి దూరంగా ఉండాలి. చేసేవారు ముక్కుకు మాస్కు కట్టుకోవాలి. మూట విప్పగానే గుప్పున లేచే దుమ్మే అసలు ప్రమాదం. గలీబులన్నీ తీసేసి దిండ్లను పక్కపక్కన పరవండి. వాటి అసలు రంగు చూసి మీరే ఆశ్చర్యపోతారు.

నల్లటి చుక్కలున్న దిండు బూజు పట్టిన దిండు. దానిమీద చర్చ వద్దు, పక్కన పెట్టేయండి. ఎండలో గంటసేపు ఉన్నాక కూడా ముక్కవాసన వదలనిదీ అంతే. మిగతావాటిని రకాన్నిబట్టి చూడాలి. ఫైబర్ దిండును నడుమకు మడిచి వదలండి. వెంటనే విచ్చుకుంటే ఇంకా జీవం ఉంది, మడిచినట్టే పడుంటే అయిపోయింది. ఫోము దిండును బొటనవేలితో నొక్కండి. గుంట పూడకపోయినా, అంచుల్లో పసుపు పొడి రాలుతున్నా దాని పని సరి. దూది దిండుకు ఈ మడత పరీక్ష పనికిరాదు. దాన్ని ఒక మూల పట్టుకుని పైకెత్తండి. దూదంతా ఉండలుగా కిందికి జారి, పై మూల ఖాళీ గుడ్డగా వేలాడితే అది తలకూ మెడకూ కూడా పనికిరానట్టే.

వయసు లెక్క కావాలంటే, అలర్జీ ఉన్న ఇంట్లో ఫైబర్ దిండు ఏడాది నుంచి రెండేళ్ళు, ఫోము దిండు మూడు నాలుగేళ్ళు. తలకు రోజూ కొబ్బరినూనె పెట్టుకునే ఇళ్ళలో ఇంకొంచెం ముందే మార్చాల్సి వస్తుంది.

అతిథుల కోసం దాచినవి ఎన్ని ఉంచుకోవాలి? నా మాట వింటే నాలుగు. అంతకు మించి వచ్చినవాళ్ళకు మడిచిన దుప్పటి చాలు. తెల్లవారుజామున లేచి కొండెక్కేవారు దిండు మెత్తదనం గురించి అలగరు. ఉంచుకునే నాలుగూ శుభ్రంగా ఉతికి, పూర్తిగా ఆరాక, జిప్పు ఉన్న గుడ్డ సంచిలో పెట్టండి. ప్లాస్టిక్ సంచిలో పెడితే మిగిలిన కొద్దిపాటి తేమ బయటికి పోదు. సంచిలో కలరా ఉండలు వేయకండి. ఆ వాసన ఆస్తమా ఉన్నవారికి పడదు. పైగా జి6పిడి అనే ఎంజైము లోపంతో పుట్టిన పసిపిల్లలకు ఆ ఉండల ఆవిరి ఎర్ర రక్తకణాలు చితికిపోయేటంత హాని చేస్తుంది.

మన ఊరికే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. గుండు చేయించుకుని, నెత్తిన గంధం పూసుకుని వచ్చిన బావగారు మధ్యాహ్నం అలాగే ఒరుగుతారు. ఆరిన గంధం పొడిగా రాలి గలీబు నేతలోంచి లోపలికి దిగుతుంది, చెమటకు తడిసి పసుపుపచ్చ మరక అవుతుంది. ‘అన్నయ్యా, తువ్వాలు వేసుకోండి’ అని దిండుమీద ఒక పాత తువ్వాలు పరిచి ఇస్తే మర్యాదకు లోటు రాదు. సాయంత్రానికి ఆ తువ్వాలును బకెట్లో వేసుకోవచ్చు.

దూది ఏకించడం గురించి

ఈ విషయంలో ఇంట్లో పెద్దవాళ్ళతో పేచీ తప్పదు. దూది దిండు పాడయిందంటే పారేయడం మన పద్ధతి కాదు. విప్పి, దూది ఏకించి, కొత్త గుడ్డలో కూరిస్తే మళ్ళీ పొంగుతుంది. ఒకప్పుడు విల్లు భుజాన వేసుకుని వీధుల్లోకి వచ్చి, తీగ మోగిస్తూ వాకిట్లోనే ఏకి ఇచ్చేవారు. ఇప్పుడు ఆ పని పరుపుల దుకాణం వెనకాల యంత్రం చేస్తోంది. పొదుపుగా చూస్తే ఇంతకన్నా మంచి పద్ధతి లేదు. అలర్జీ లేని ఇంటికి నేనూ ఇదే చెబుతాను.

అలర్జీ ఉన్న ఇంటికి మాత్రం వద్దంటాను. ఏకడంవల్ల దూది విడుతుంది, పొంగుతుంది, కొంత దుమ్ము ఎగిరిపోతుంది. ఆ ఎగిరేది ఏకేవారి ముక్కులోకి, పక్కన నిలబడ్డవారి ముక్కులోకి వెళుతుంది. పోచకు అంటుకున్న పురుగు విసర్జన చాలావరకు దూదితోనే తిరిగి వస్తుంది. నీళ్ళు తగిలితేనే అది కరిగి పోతుంది. దూది దిండును ఉతకలేం కదా! అదే కారణంగా ఎండబెట్టడం కూడా సగం మందే. మే నెల ఎండలో రోజంతా పెడితే లోపలి తేమ ఆరుతుంది, పురుగుల సంఖ్య తగ్గుతుంది. చచ్చిన పురుగు వదిలిన చెత్త మాత్రం ఎక్కడికీ పోదు. ఎండబెట్టిన దిండును ఇంట్లోకి తెచ్చేముందు కర్రతో బాదే అలవాటు ఉంటే ఆ బాదడం మేడమీదే, గాలికి ఎదురుగా నిలబడకుండా చేయండి.

అమ్మ చేత్తో కుట్టిన దిండు, పుట్టింటినుంచి వచ్చిన బూరుగు దూది అంటారా? దాన్ని పారేయమని చెప్పడానికి నాకు నోరు రాదు. దూదిని అలర్జీ లేనివారి కుర్చీ దిండుకు వాడండి. పడకగదిలోకి, పిల్లవాడి తలకిందికి మాత్రం రానివ్వకండి.

కొనేటప్పుడు

గాంధీ రోడ్డులో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా మొదట అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: దీన్ని ఇంట్లో ఉతకవచ్చా? లేబుల్‌మీద ఉతికే విధానం లేకపోతే దుకాణంవారి మాట నమ్మి కొనకండి. అలర్జీ ఉన్నవారికి పాలిస్టర్ ఫైబర్ దిండే మేలు. మన దగ్గర అందరూ రెక్రాన్ అని అడిగేది ఈ రకమే. ఖరీదు తక్కువ, యంత్రంలో వేయవచ్చు, రెండేళ్ళకు మారిస్తే మనసు బాధపడదు. మెమరీ ఫోము మెడకు సుఖమే గానీ నీళ్ళలో ముంచలేం. వేసవిలో వేడెక్కుతుంది, కొత్తలో రసాయనం వాసన వేస్తుంది. అదే కొంటే నాలుగైదు రోజులు వరండాలో గాలికి ఉంచి అప్పుడు వాడండి. రబ్బరు లేటెక్స్ పడనివారు లేటెక్స్ దిండు జోలికి వెళ్ళకండి.

‘యాంటీ అలర్జీ’ అని పెద్ద అక్షరాల్లో రాసి ఉంటుంది. ఆ మాటకు ఎక్కువ డబ్బు ఇవ్వనక్కర్లేదు. కొత్తలో ఏ దిండైనా శుభ్రంగానే ఉంటుంది. ఆరు నెలల తరవాత సంగతి మీరు పైన వేసే తొడుగుమీద, ఉతికే పద్ధతిమీద ఆధారపడుతుంది.

ఎత్తు చూసుకోవడం మరవకండి. పక్కకు తిరిగి పడుకునేవారికి చెవికీ భుజం చివరకూ మధ్య ఎడం నిండేంత ఎత్తు కావాలి. వెల్లకిలా పడుకునేవారికి అంతకన్నా పలచనిది. ముక్కు మూసుకుపోయేవారు రెండు దిండ్లు ఒకదానిమీద ఒకటి పెడుతుంటారు. దానివల్ల మెడ మడతపడుతుంది గానీ ముక్కు తెరుచుకోదు. తలవైపు మంచం కోళ్ళ కింద చెక్క ముక్కలు పెట్టి ఎత్తు చేయడం మేలు.

ప్రతి దిండుకూ రెండు తొడుగులు వేయండి. లోపల జిప్పు ఉన్న దగ్గరి నేత కవరు, పైన మామూలు నూలు గలీబు. లోపలి కవరు నేతలో సందులు పది మైక్రాన్లకు, అంటే మిల్లీమీటరులో వందో వంతుకు, లోపు ఉంటే పురుగూ దాని చెత్తా అవతలికి రావు. కొత్త దిండు తెచ్చిన రోజే ఇది వేయాలి. అయితే ఈ కవర్లనుంచి అద్భుతాలు ఆశించకండి. 2003లో పెద్ద సంఖ్యలో రోగులమీద చేసిన రెండు పరీక్షల ఫలితాలు వచ్చాయి, ఒకటి ఆస్తమామీద, ఇంకొకటి ముక్కు అలర్జీమీద. కవర్లు మాత్రమే వేసి ఊరుకున్నవారికి బాధ పెద్దగా తగ్గలేదని రెండూ చెప్పాయి. కవరుతోపాటు ఉతుకు, గది తేమ, మందు అన్నీ కలిస్తేనే తేడా తెలుస్తుంది.

ఉతుకు

గలీబులు, దుప్పట్లు వారానికి ఒకసారి 60 డిగ్రీల నీళ్ళలో ఉతకాలి. ఆ వేడికి పురుగు చస్తుంది, చెత్త కరిగి పోతుంది. చల్లటి నీళ్ళు చెత్తను చాలావరకు వదిలిస్తాయి గానీ పురుగును చంపవు. చాలా ఇళ్ళలో పైనుంచి బట్టలు వేసే వాషింగ్ మెషీన్లే ఉంటాయి, వాటిలో నీళ్ళు వేడెక్కవు. దానికి ఉపాయం: సగం బకెట్టు కొళాయి నీళ్ళకు అంతే కొలత మరిగే నీళ్ళు కలిపితే 60 డిగ్రీల దరిదాపులకు వస్తుంది. గలీబులు అందులో ముంచి, మూతపెట్టి, అరగంట తరవాత మెషీన్లో వేయండి. బకెట్టును పిల్లలకు అందేచోట పెట్టకండి. రంగు వదిలే గలీబులు ఈ వేడికి ఆగవు. అందుకే అలర్జీ ఉన్న ఇంట్లో తెల్ల నూలు గలీబులు కొనడం మంచిది. మరకలు కనిపిస్తాయంటారా, కనబడాలనే.

ఫైబర్ దిండ్లను మూడు నెలలకోసారి ఉతకండి. మెషీన్లో ఒకటే వేస్తే ఒక పక్కకు ఒరిగి డ్రమ్ము ఊగిపోతుంది, రెండు వేస్తే తూకం కుదురుతుంది. సబ్బు రోజూ వేసేదానిలో సగం చాలు. రెండుసార్లు జాడించండి. సువాసన ద్రవాలు వద్దు, ఆ వాసనకే కొందరికి తుమ్ములు వస్తాయి. ఆరబెట్టేటప్పుడు తీగమీద వేలాడదీయకండి, పోగులన్నీ కిందికి దిగుతాయి. మేడమీద నవారు మంచమో ప్లాస్టిక్ మంచమో వేసి, దిండును పడుకోబెట్టి, గంటకోసారి తిప్పుతూ చేత్తో పోగులు విడదీయండి. ఆరిందో లేదో పైన తాకితే తెలియదు. నడుమను గట్టిగా నొక్కి పట్టి, అక్కడ చెంప ఆనించండి. చల్లగా తగిలితే లోపల తడి ఉన్నట్టే, మరునాటి ఎండ కూడా చూపించాలి.

పిల్లలు పక్కలో వేసుకునే బొచ్చుబొమ్మలను కూడా మరవకండి. ఉతకలేని బొమ్మను సంచిలో చుట్టి ఒక రోజంతా డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, తీశాక బయట దులపండి. ఫ్రీజర్ పురుగును చంపుతుంది, దాని చెత్తను తీసేయదు.

గది

వేసవిలో మన ఇళ్ళలో ఒక విడ్డూరం జరుగుతుంది. బయట గాలి ఎండిపోయి ఉంటుంది, పురుగు చావాల్సిన కాలం. మనం తలుపులు మూసి నీళ్ళ కూలర్ పెట్టి గదినంతా తడి చేస్తాం. కూలర్ గాలిని చల్లబరిచేది తేమ కలిపే కదా. ఏసీ తేమను లాగేస్తుంది, కూలర్ పెంచుతుంది. కూలర్ తప్పనిసరైతే కిటికీ తెరిచి వాడండి, పక్కబట్టలకు నేరుగా గాలి తగలనివ్వకండి, గడ్డి ప్యాడ్లు ఏటా మార్చండి. తక్కువ ధరలో దొరికే తేమ కొలిచే పరికరం ఒకటి గోడకు తగిలిస్తే గది సంగతి తెలుస్తుంది. వానాకాలంలో అది 50 కిందికి రాదు. 60 దాటకుండా చూసుకున్నా మేలే. తడిబట్టలు పడకగదిలో ఆరేయడం మానేస్తే ఆ దిశగా చాలా పని జరిగినట్టే.

పొడి చీపురుతో ఊడిస్తే దుమ్ము చోటు మారుతుంది, పోదు. తడిగుడ్డతో తుడవండి. లేవగానే దుప్పటి మడిచి పక్క కప్పేయకుండా కాసేపు గాలి తగలనివ్వండి. సాంబ్రాణి, అగరువత్తి, దోమల చుట్ట, ఈ మూడింటి పొగా ముక్కుకు శత్రువే. దేవుడి గదిలో వెలిగించుకోండి, పడకగది తలుపు వేసి ఉంచండి. దోమలకు తెర కట్టుకోండి, ఆ తెరనూ ఉతకండి.

ముక్కు సంగతి

ఇవన్నీ చేసినా ముక్కు మరునాడే మాట వినదు. గదిలో పేరుకున్నది తగ్గడానికి వారాలు పడుతుంది. ఈలోగా ఉప్పునీళ్ళతో ముక్కు కడగడం చవకైన, మంచి ఉపశమనం. మందుల దుకాణంలో దొరికే ఉప్పు పొట్లాలు వాడండి. నీళ్ళు మాత్రం తప్పనిసరిగా మరిగించి చల్లార్చినవి కావాలి. కొళాయి నీళ్ళలో ఉండగల ఒక రకం అమీబా ముక్కుగుండా మెదడుకు ఎక్కితే ప్రాణాంతకం. తాగితే ఏమీ కాని నీళ్ళు ముక్కులోకి పనికిరావు.

డాక్టరు స్ప్రే రాస్తే, ఫ్లూటికాసోన్, మొమెటాసోన్ వంటివి, రెండు రోజులు కొట్టి ‘పనిచేయలేదు’ అని మూల పడేయకండి. పూర్తి గుణం కనబడటానికి రెండు వారాల దాకా పట్టవచ్చు. తల కాస్త వంచి, కుడి చేత్తో ఎడమ ముక్కులో, ఎడమ చేత్తో కుడి ముక్కులో కొట్టుకోవాలి. అలా చేస్తే మందు మధ్య గోడకు తగలక, బయటి వైపుకు పోతుంది. గట్టిగా ఎగపీలిస్తే గొంతులోకి జారిపోతుంది. ముక్కు వెంటనే తెరిచే ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ చుక్కల సంగతి వేరు. నాలుగైదు రోజులు మించి వాడితే మానగానే ముక్కు అంతకన్నా గట్టిగా బిగుస్తుంది. ఏళ్ళ తరబడి ఆ సీసా జేబులో పెట్టుకుని తిరిగేవారు మన చుట్టూ ఉన్నారు.

మాత్రల్లో సెట్రిజిన్ నిద్ర తెస్తుంది. వేసుకుని ఘాట్ రోడ్డులో బండి నడపకండి. ఫెక్సోఫెనడిన్ మగత తక్కువ, దాన్ని పండ్లరసంతో కాక నీళ్ళతో మింగాలి. మాంటెలుకాస్ట్ కలిసిన మాత్ర మన దగ్గర చీటీ లేకుండా కూడా చేతులు మారుతుంటుంది. పీడకలలు, దిగులు, ఆత్మహత్య ఆలోచనల వంటి మానసిక ప్రభావాలు ఉండవచ్చని 2020లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానిమీద తీవ్ర హెచ్చరిక వేయించింది. పక్కింటివాళ్ళ పాత చీటీ చూసి కొనే మందు కాదది.

ఇల్లు సర్దుకున్నాక కూడా నెలల తరబడి బాధ ఉంటే చెవి, ముక్కు, గొంతు డాక్టరును కలవండి. రుయా ప్రభుత్వ ఆస్పత్రిలో ఆ విభాగం ఉంది. చర్మంమీద సూదితో గుచ్చి చేసే అలర్జీ పరీక్షలో మీకు పడనిదేమిటో తేలుతుంది. ఆ పరీక్షకు కొన్ని రోజుల ముందే అలర్జీ మాత్రలు ఆపాలి, ఎన్ని రోజులన్నది డాక్టరును అడగండి. దుమ్ము పురుగే అని తేలితే దానికి ఒంటిని అలవాటు చేసే చికిత్స కూడా ఉంది. మూడు నుంచి ఐదేళ్ళు పడుతుంది, ఓపిక ఉన్నవారికే. రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు, ఛాతీ బిగుతు ఉంటే అది ముక్కు దాటి ఆస్తమా అయి ఉండవచ్చు, ఆలస్యం చేయకండి. ఆయాసంతో మాట పూర్తిచేయలేకపోతున్నా, పెదాలు నీలంగా మారుతున్నా వెంటనే 108కి ఫోను చేయాలి.

పాత దిండ్లను ఏం చేయాలి

పక్కన పెట్టిన దిండ్లను ఆ వారమే ఇంటినుంచి పంపేయండి. మంగళ, శుక్రవారాలు ఇంట్లోంచి వస్తువు బయటికి పోకూడదని పెద్దవాళ్ళు అంటే బుధవారం పెట్టుకోండి, గొడవ ఉండదు. ‘భోగి మంటలో వేద్దాం’ అని అటకమీదికి తిరిగి ఎక్కించారా, పడిన శ్రమంతా వృథా. ఫోము, ఫైబర్ దిండ్లు మంటకు అసలే పనికిరావు. పాలియురెథేన్ ఫోము కాలితే వచ్చే పొగలో హైడ్రోజన్ సయనైడ్ ఉంటుంది, మంట చుట్టూ నిలబడేది పిల్లలే. వాటిని సంచిలో కట్టి పొడి చెత్తలో ఇవ్వండి. దూది దిండును కోసేముందు బకెట్టు నీళ్ళు పోసి బాగా తడపండి. తడిసిన దూది ఎగరదు. ఆ దూదిని పెరట్లో కొబ్బరి చెట్టు మొదట్లో పరిచి పైన మట్టి కప్పితే తేమ నిలిపి, మెల్లగా కుళ్ళి ఎరువవుతుంది. పెరడు లేనివారు పూలకుండీల అడుగున ఒక పొర వేసుకోవచ్చు.